మా కుక్కకు మా బావ పోసిన కూల్‌డ్రింక్

మా బావతో నేను మాట్లాడను. ఎదురుపడితే తల తిప్పుకుంటాను. పెళ్ళిళ్ళలో ఆయన ఒక పంక్తిలో కూర్చుంటే, నేను ఆకలేసినా తర్వాతి పంక్తి దాకా ఆగుతాను. రాజాంలో మా బజారు వీధివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కారణం వినగానే అందరూ ఒకేలా నవ్వుతారు. "కుక్కకి కూల్‌డ్రింక్ పోసాడని బావతో మాటలు మానీసినావేటి?" అంటారు. అవును, మానేశాను. ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఊరు పాతపట్నం. అక్కడ కూల్‌డ్రింకుల ఏజెన్సీ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళకీ, సరిహద్దు దాటి ఒడిశా వైపు కొట్లకీ ఆయన వ్యాన్లలోనే సరుకు వెళుతుంది. మనిషి ఎర్రగా, బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. ఆయనొస్తే ఇల్లు కళకళలాడుతుందని మా అమ్మ మురిసిపోతుంది. ఆ కళకళకి ప్రతిసారీ ఒక మనిషి బలి కావాలి. మా ఇంట్లో చాలా ఏళ్ళు ఆ మనిషిని నేనే.

నేను పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక స్టీలు సామాన్ల కొట్టు నేనూ అమ్మా చూసుకుంటున్నాం. కింద కొట్టు, పైన ఇల్లు. బిందెలు, క్యారేజీలు, సారె గిన్నెలు అమ్ముతాం. వాటి మీద మిషన్‌తో పేర్లు చెక్కే పని నాది. నలభై దాటిన మరదలు పెళ్ళి లేకుండా ఇంట్లో ఉంటే మా బావలాంటి మనిషికి పండగే. "నిన్నెవడూ సేసుకోలేదు కదే మరదలా, పోనీలే నానే సేసుకుంతాను, మీ అక్క ఏటీ అనదులే" అని కొట్టు ముందు, బేరానికొచ్చిన వాళ్ళ ముందు, గట్టిగా అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. అమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. మా అక్క కూడా నవ్వేది. నేను మొహం ముడుచుకుంటే "బావ కదే, సరసానికి అన్నాడు" అని నాకే చెప్పేవాళ్ళు. బావ అన్నాక ఏమైనా అనొచ్చట, మరదలు అన్నాక పడి తీరాలట. ఈ చట్టం ఎవరు రాశారో గానీ, రాసిన వాడు మరదలు మాత్రం అయ్యుండడు.

కుక్క మా ఇంటికి ఒక వానాకాలం వచ్చింది. కొట్టు వెనక సరుకొచ్చిన అట్టపెట్టెలు పడేసే చోట, తడిసిన గడ్డిలో ముడుచుకుని పడుకుని ఉంది. గోధుమరంగు ఆడకుక్కపిల్ల, ఒక చెవి నిలబడదు. అమ్మ వద్దంది. కోమట్లిళ్ళలో కుక్కలేమిటంది, పూజ గది దగ్గరికొస్తే ఏమిటి గతి అంది. నేను వినలేదు. పాలన్నం పెట్టి, వేపాకు నీళ్ళతో కడిగి, కొట్టులోనే పడుకోబెట్టాను. కొన్నాళ్ళకి అమ్మే దాని కోసం పెరుగన్నం కలపడం మొదలుపెట్టింది, చెయ్యి మాత్రం ప్రతిసారీ కడుక్కునేది. దానికో పేరు పెట్టాను. బావ ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. "కుకురో, కుకురో" అని ఒడియాలో పిలిచేవాడు. కుక్కని కుక్కా అని పిలవడం ఆయనకి పెద్ద హాస్యం.

మొదటిసారి పోసింది ఒక ఎండాకాలం మధ్యాహ్నం. ఎప్పట్లాగే వస్తూ ఒక కేసు నల్లరంగు కోలా సీసాలు తెచ్చాడు. భోజనాలయ్యాయి. అందరం పైన వరండాలో కూర్చున్నాం. కుక్క ఆయన చేతిలో సీసా కేసి చూసింది. అది ఎవరి చేతిలో ఏమున్నా చూస్తుంది.

"ఏటే కుకురో, నీకూ కావాలేటి?" అని దాని నీళ్ళ గిన్నెలో బుస్సుమని పోశాడు.

కుక్క మూతి పెట్టింది. గ్యాసు ముక్కులోకి వెళ్ళి ఎగిరిపడి తుమ్మింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తుమ్మింది. తియ్యగా ఉంది కాబట్టి వదల్లేకపోయింది, మండుతోంది కాబట్టి తాగలేకపోయింది. బావ ఫోను తీసి వీడియో పట్టాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అక్కకి నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చాయి. నేను గిన్నె లాక్కునేసరికి సగం అయిపోయింది. సాయంత్రానికి దాని పొట్ట డోలులా బిగుసుకుంది. రాత్రి తిండి ముట్టలేదు. తెల్లారి వరండా అంతా పాడుచేసింది, కడిగింది నేను. ఆ వీడియో మాత్రం పాతపట్నంలో ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోందని అక్క గొప్పగా చెప్పింది.

తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా అదే ఆట. ఒకసారి ఆరెంజి, ఒకసారి నిమ్మకాయ సోడా. నేను ముందే కుక్కని డాబా మీదికి తీసుకుపోయి తలుపు వేస్తే, "మా మరదలికి కుళ్ళు, కుక్క నా మీద మనసు పడిపోనాదని" అనేవాడు. ఒకసారి నేను గిన్నెను కాలితో తన్నేశాను. డ్రింకు చిమ్మి ఆయన తెల్ల పంచె మీద పడింది. ఆ రోజు అమ్మ నా మీద విరుచుకుపడింది.

"అల్లుడి మీద కాలెత్తుతావేటే? నీకు బుద్దుందేటి?"

"గిన్ని మీద ఎత్తినానమ్మా."

"ఏదో సరదాకి పోసాడు. మనుసులం తాగతన్నాం, మనకేటైనాది? కుక్కకేటైపోద్ది?"

"దానికి పడదని సెప్తంటే ఎవులికీ ఎక్కదేటి?"

"నువ్వేటి, కుక్కల డాక్టరువా?" అన్నాడు బావ, పంచె దులుపుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. ఆయనకి కోపం వచ్చినప్పుడు నవ్వు ఇంకాస్త పెద్దదవుతుంది. ఆ సంగతి మా ఇంట్లో నేనొక్కదాన్నే గమనించాననుకునేదాన్ని.

అసలు సంగతి రోహిణి కార్తెలో జరిగింది. గరివిడిలో వాళ్ళ తరఫు పెళ్ళికి వెళుతూ బావ, అక్క, ఇంకో నలుగురు కుర్ర బంధువులు దారిలో మా ఇంట్లో ఆగారు. పెళ్ళిళ్ళ కాలం. కొట్టు నిండా జనం. ఒక కుటుంబం సారె బిందెలు తీసుకుని పేర్లు చెక్కమని కూర్చుంది, లేవడానికి లేదు. పైనుంచి నవ్వులు వినబడుతున్నాయి. కేకలు, ఈలలు. పెళ్ళికూతురి పేరులో ఒక అక్షరం వంకరపోయింది.

కాసేపటికి అందరూ దిగారు. వ్యాను ఎక్కుతూ బావ నా వైపు చూసి, "ఎల్లొస్తాం మరదలా. నీ కుక్కకి మాంచి హుసారెక్కించినాను, సూసుకో" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వారు. అక్క నా వైపు చూడకుండా వ్యానులోకి ఎక్కింది.

బిందెల వాళ్ళు ఇంకా వెళ్ళనే లేదు. అమ్మ మెట్ల మీది నుంచి కేకేసింది. "ఒసే, కుక్కకేటో అయిపోతంది, బేగి రా!"

పైకి వెళ్ళేసరికి కుక్క గదిలో గుండ్రంగా పరిగెడుతోంది. గోడకి గుద్దుకుంటోంది, మళ్ళీ లేచి పరిగెడుతోంది. నాలుక పూర్తిగా బయటికి వేలాడుతోంది. పట్టుకుంటే వెనక కాళ్ళు గజగజ వణుకుతున్నాయి. కళ్ళు ఎంత పెద్దవయ్యాయంటే నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె కొట్టుకోవడం కాదు, లోపల ఏదో తప్పించుకుపోవాలని తన్నుకుంటున్నట్టుంది. నా ఒళ్ళోనే వాంతి చేసుకుంది. మంచం కింద ఒక సన్నటి నీలం డబ్బా పడి ఉంది. నిద్ర రాకుండా, ఒంట్లో ఓపిక కోసం కుర్రాళ్ళు తాగుతారే, ఆ రకం డ్రింకు. డబ్బా ఖాళీగా ఉంది. దాన్ని పర్సులో పడేసుకుని, కుక్కని తడి తువ్వాలులో చుట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను.

డాక్టరు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినాయన. గేదెకి ఇంజక్షన్ చేస్తున్నవాడు నన్ను చూసి అది వదిలి వచ్చాడు. డబ్బా అటూ ఇటూ తిప్పి చదివాడు.

"ఎంత తాగింది?"

"తెలీదండి."

"తెలియాలమ్మా. పోసినవాళ్ళకి ఫోన్ చెయ్యండి."

చేశాను. స్పీకరు పెట్టాను. వ్యాను హోరు, పాటలు, కుర్రాళ్ళ గోల.

"బావా, ఆ నీలం డబ్బా కుక్కకి ఎంత పోసినావు?"

"ఏటే మరదలా, అప్పుడే—"

"ఎంత పోసినావు?"

"రెండు సుక్కలు. నాకింది, అంతే."

వెనక నుంచి అక్క గొంతు వినబడింది. "అబద్దమెందుకండీ? డబ్బా మొత్తం పోసీసినారు కదా. సగం సగం రెండుసార్లు." ఫోన్ కట్ అయిపోయింది.

డాక్టరు దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, వణుకు తగ్గడానికి ఒక ఇంజక్షన్ ఇచ్చాడు, కాలికి సెలైన్ పెట్టాడు. పొట్ట కింద, పాదాలకి తడిబట్ట వేస్తూ ఉండమన్నాడు. చేతులు పని చేస్తుండగా చెప్పుకుపోయాడు. మామూలు కూల్‌డ్రింక్ ఒక గుటక నాకినంత మాత్రాన కుక్క చచ్చిపోదు, కానీ అది దానికి పెట్టేది కాదు. గ్యాసుకి పొట్ట ఉబ్బుతుంది, పంచదారకి విరేచనాలవుతాయి. కోలాల్లో కాఫీలో ఉండే కెఫీనే ఉంటుంది. కుక్క ఒళ్ళు దాన్ని మనలా తట్టుకోలేదు, ఇలాంటి డబ్బాల్లో అది మరీ ఎక్కువ. చిన్న కుక్కకైతే గుండె మీదికొస్తుంది.

"పంచదార లేదని రాసున్నవి మంచివనుకునేరు. తీపి కోసం కలిపేవాటిలో ఒక రకం కుక్కలకి విషం. ఏదీ పొయ్యకండి. దాహమైతే నీళ్ళున్నాయి కదా" అన్నాడు.

"బతుకుతాదా డాక్టరుగారూ?"

"వాంతి చేసుకోవడం మంచిదైంది. చూద్దాం." సెలైన్ చుక్కలు సరిచేస్తూ, "ఎండ కూడా ఘోరంగా ఉంది. ఎండదెబ్బ కూడా కలిసిందేమో, అంత కచ్చితంగా చెప్పలేను" అన్నాడు.

నిజాయితీగా మాట్లాడే మనిషి కాబట్టి అన్నాడు. ఆ ఒక్క మాటే తర్వాత నా కొంప ముంచింది. చీకటి పడే వేళకి వణుకు తగ్గింది. కుక్క తల ఎత్తి నా చెయ్యి నాకింది. ఇంటికి వచ్చాక ఉన్నదున్నట్టు అమ్మకి చెప్పాను. అమ్మ ఉన్నదున్నట్టు అల్లుడికి ఫోన్‌లో చెప్పింది, ఎండదెబ్బతో సహా.

మర్నాడు పెళ్ళి నుంచి తిరిగొస్తూ బావ మళ్ళీ మా ఇంటి ముందే వ్యాను ఆపాడు. చేతిలో లడ్డూల పెట్టె. వెనక ఆ కుర్రాళ్ళు. నేను కొట్టులోంచి లేచి వెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడ్డాను.

"పైకి రాకు."

"ఏటే?"

"పైకి రావొద్దంతన్నాను. నా కుక్కని సంపబోయినావు."

"సంపడమేటే? బతికింది కదా! డాక్టరే ఎండదెబ్బన్నాడంట, మీ యమ్మ సెప్పింది."

"డబ్బా మొత్తం పోసి రెండు సుక్కలని నాకెందుకు అబద్దం సెప్పినావు? అక్క సెప్పకపోతే డాక్టరుకి మందు ఎంత ఎయ్యాలో తెలిసీదే కాదు. ఆ మాట ఎందుకన్నావో అది సెప్పు ముందు."

ఆయన వెనక్కి తిరిగి కుర్రాళ్ళ కేసి చూశాడు. వాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నవ్వించాడు కూడా. "పిల్లలేనిదానికి కుక్కే పిల్ల. పాపం, పుత్రశోకం తప్పింది!"

వీధి అంతా చూస్తోంది. పక్కనున్న బట్టల కొట్టాయన మీటరు కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. నాకు ఏడుపు రాలేదు. చాలా ఏళ్ళుగా నోట్లో దాచుకున్నది బయటికొచ్చింది.

"ఎల్లు ఇక్కడ్నించి. ఇంక నా గడప తొక్కకు."

అప్పుడు నవ్వు పోయింది. "నీ గడపేటి? ఇది మా మావ గడప. కొడుకుల్లేని మనిసికి ఏటేటా పిండం పెడతన్నది ఎవుడే? నానే కదా! నాను మానీస్తే మీ నాన్న గతేటి?"

"మానీ" అన్నాను.

లడ్డూల పెట్టె మా కొట్టు గట్టు మీద విసిరేసి వెళ్ళిపోయాడు. అక్క వ్యానులోంచి దిగనే లేదు. అమ్మ మెట్ల మీద కూలబడి, నాన్న పోయిన రోజు ఏడ్చినట్టు ఏడ్చింది. ఏడుస్తూ తిట్టింది కుక్కని, నన్ను. అల్లుణ్ణి తిట్టలేదు.

అన్నట్టే ఆ ఏడు నాన్న తద్దినానికి బావ రాలేదు. అమ్మ రోజూ ఫోన్ చేసింది, ఎత్తలేదు. నన్ను క్షమాపణ అడగమంది. చుట్టాల్లో పెద్దవాళ్ళు కూడా కబురు పెట్టారు, కుక్క కోసం తండ్రిని పస్తు పడుకోబెడతావా అని. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా అడగలేదు. చివరికి పురోహితుడు, స్వయంపాకం ఇచ్చి దణ్ణం పెట్టుకోండమ్మా, చాలు అన్నాడు. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి విస్తరిలో పెట్టి నేనూ అమ్మా ఇచ్చాం. అమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం అక్క వచ్చింది. బస్సులో, ఒంటరిగా. పెళ్ళయ్యాక అక్క బస్సులో రావడం నేను చూడలేదు. అన్నం తిని డాబా మీదికొచ్చింది. కుక్క వాసన చూస్తే కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఆయనకి తెలీదు నానొచ్చినట్టు" అంది.

"తెలిస్తే?"

అక్క పిట్టగోడకి ఆనుకుంది. "నా వీడియోలు కూడా తీస్తాడే" అంది. "పడుకుని గురక పెడితే తీస్తాడు. మెట్ల మీద జారి పడితే ముందు ఫోన్ తీసాడు, ఆ తర్వాతే సెయ్యిచ్చాడు. అందరికీ సూపిస్తాడు. నానూ నవ్వుతాను. నవ్వకపోతే ఇంకోటి తీస్తాడు."

నేను కుక్కని దగ్గరికి లాక్కున్నాను.

"కుక్క కోసం వీదిలో నిలబడి అంత గొడవ సేసినావు. నా కోసం ఒక్కసారైనా అడిగినావేటే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అడిగినాను. నీ పెళ్ళైన కొత్తలో, అత్తారింట్లో అందరి ముందర నిన్ను నల్లపిల్లీ అని పిలిస్తే నాను అడగలేదా? నువ్వు నా జబ్బ గిల్లి నోరు మూయించలేదా? కొట్టు ముందర నన్ను రెండో పెళ్ళామంటంటే పక్కన నిలబడి నవ్వినది ఎవులు?"

"నవ్వక ఏటి సెయ్యమంతావు?"

"ఫోన్‌లో సెప్పినావు కదా ఆ రోజు, మొత్తం పోసినాడని. అలాగ సెయ్యి."

"దానికి ఇంటికెల్లాక ఏటైనాదో నీకు తెల్దు" అంది అక్క. ఏమైందో చెప్పలేదు. నేను అడిగినా చెప్పలేదు. ఆఖరి బస్సుకి ముందే లేచి వెళ్ళిపోయింది. ఇద్దరం కోపంగానే విడిపోయాం.

మరుసటి ఏడు బావ వచ్చాడు. అమ్మ ఎవరెవరితోనో బతిమాలించింది. పిండాలు పెట్టాడు, భోజనం చేశాడు, వరండాలో కూర్చున్నాడు. కూల్‌డ్రింకులు తేలేదు. కుక్క తోక ఊపుకుంటూ ఆయన దగ్గరికే పోయింది. దాని మీద కూడా నాకు కోపం వచ్చింది.

"సూసినావేటే మరదలా, కుక్కకే లేదు కోపం. నీకేటి?"

నేను దాని మెడపట్టీ పట్టుకుని డాబా మీదికి తీసుకుపోయాను. కింద ఆయన నా మీద ఏదో జోకేశాడు. ఒక్కడే నవ్వాడు. అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

ఈ మధ్య ఆయనకి షుగరొచ్చిందని తెలిసింది. డాక్టరు కూల్‌డ్రింక్ ముట్టొద్దన్నాడట. అమ్మ దేవుడి ముందు దీపం పెట్టింది. నాకు జాలి కలగలేదు. కలగాలని ప్రయత్నించనూ లేదు. కుక్కలున్నవాళ్ళు అప్పుడప్పుడూ కొట్టుకొచ్చి, "ఏటమ్మా, నిజంగా కూల్‌డ్రింక్ పొయ్యకూడదేటి? మాది తాగుతాది, ఏటీ అవలేదు" అంటారు. అవకపోతే మీ అదృష్టం అని, డాక్టరు చెప్పినదంతా ఓపిగ్గా చెబుతాను. సరదాకి పోశామండీ అన్నవాళ్ళకి మాత్రం బేరంలో రూపాయి కూడా తగ్గించను.

పోయిన నెల పాతపట్నంలో వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను, అక్క పిలిచింది కాబట్టి. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు, పలకరించాడు. నేను పలకలేదు. ఆడవాళ్ళ పంక్తిలో తిని, అక్కకి చీర పెట్టి బయల్దేరాను. అక్క బస్టాండు దాకా వస్తానంది. వీధి చివర దాకా వచ్చామో లేదో వెనక నుంచి ఆయన కేక, "ఎక్కడికే? సుట్టాలున్నారు, ఇటు రా!" అని. అక్క వెనక్కి తిరగలేదు. "ఆ సందులోంచి ఎల్దాం, ఎండ తగలదు" అని నా సంచీ తన చేతిలోకి తీసుకుంది.